కేక

ఐదు రోజుల్లో ముగించాల్సిన సినిమా.
టోపీలు పదకొండే, దొంగలు ఇరవైమంది.
నల్ల రుమాలు కడితే డెల్మర్ హస్కిన్స్ దొంగ,
విప్పితే షెరీఫ్ మనిషి.
సోమవారం తనను తానే తరుముకున్నాడు,
మంగళవారం తనే కాల్చుకున్నాడు.

మూగ సినిమాల్లో చావు సులువు.
ఇప్పుడు చచ్చేవాడు అరవాలట.
పడితే మూడు డాలర్లు, అరిస్తే ఇంకో అర.

జ్వరమొచ్చినదానిలా బొంత కప్పుకుంది కెమెరా.
తుప్పలో మైకు దాచి
"గాలి ఆగనీ" అన్నాడు సౌండు మనిషి.
న్యూహాల్ కొండల్లో గాలి ఎవరి మాట వింటుంది?

గురువారం జీను పట్టీ తెగింది.
రాతిమీద పక్కటెముక విరిగినప్పుడు
డెల్మర్ నోట వచ్చింది గుర్రం పేరు.
అది ఆగి వెనక్కి చూసింది.
బొమ్మ పడింది. గొంతు పడలేదు,
వైరు ఎప్పుడో ఊడిపోయింది.

శుక్రవారం రాత్రి గోదాములో
వంటవాడు ఓర్వల్, చేతిలో గరిటె,
డెల్మర్ బదులు అరిచాడు.
మూడోసారికి బాగుందన్నారు.

బేకర్స్‌ఫీల్డ్‌లో పది సెంట్ల టికెట్టు కొని
ఛాతీకి కట్టుతో డెల్మర్ తన చావు చూశాడు.
పక్క సీటు కుర్రాడు జడిసి అతని మోచెయ్యి పట్టుకున్నాడు.
"ఆ గొంతు నాది కాదు" అనబోయి ఊరుకున్నాడు.

తెరమీద గుర్రం మాత్రం
వెనక్కి తిరిగి చూస్తోంది
హాల్లో ఎవరికీ వినపడని పేరుకి.