జాలి పెట్టె

జూన్ నెల. షార్జాల ఇండస్ట్రియల్ ఏరియా.
షట్టర్ సగం దించి
కటింగ్ మిషను పక్కన సల్ల తాగుతున్నం.
అబూ నాదిర్ వచ్చిండు, రోలా కాడ మందుల షాపాయన.
గోలీల అట్టపెట్టె వెనక బొమ్మ గీసుకొచ్చిండు.
రెండు ఫీట్లు, రెండు ఫీట్లు, నాలుగు ఎత్తు.
"అద్దం వద్దు. నాలుగు దిక్కుల జాలి ఉండాలె.
గాలాడకపోతే దానికి దమ్ము పడ్తది."

దేనికి సేట్?
ఫోన్ల చూపెట్టిండు.
ఊసరెల్లి. నెత్తి మీద చెక్కినట్టు ఓ బొడిపె.
"మనుమరాలు పెంచుకుంటదట."

పదకొండేండ్ల సంది జాలి కొడ్తున్న,
బల్లి రావద్దని, దోమ రావద్దని,
బయటిది ఏదీ లోపలికి రావద్దని.
లోపల ఒకటి బతకాలని కొట్టుడు
ఇదే మొదలు.

"తొండ ముదిరితే ఊసరెల్లి,
ఊసరెల్లి ముదిరితే దుబాయ్ సేటా?" అన్నడు ఓదెలు.
"మన మంచం కంటె పెద్దగుంటదిరో" అన్నడు ఇంకొకడు.
రూముకు పోయి టేపు పట్టిన.
మంచమే పొడుగు.
ఎత్తుల మాత్రం అది గెలిచింది.

పట్టీలు కోసిన, రివెట్లు కొట్టిన,
నీళ్లు జారెతందుకు అడుగున చిల్లు, చిల్లు కింద ట్రే.
పైన రెండు బల్బులు, ఒకటి వేడికి, ఒకటి ఎండకట.
బయట నలభై ఏడు డిగ్రీలు కాస్తున్నది,
లోపల దానికి కొనుక్కొచ్చిన ఎండ.

ఇగ మొక్కలు.
ఆయన కార్ల వర్సాన్ అంగడికి పోయినం.
మనీప్లాంటు, చిన్న జువ్వి, ఓ మందారం.
మందారం ఆకులు తింటదట అది, పూలు కూడ.
ఓ ఆకు తుంచి నలిపి ముక్కు కాడ పెట్టుకున్న.
ఆగు సేట్, దీనికి మందు కొట్టిండ్రు. వారం కాలే.
ఆయన కూడ వాసన చూసిండు.
"ఏం వస్తలేదు కదా?"

వస్తది.
ఏడు వానకార్లు పత్తి చేన్ల
వీపు మీద పంపు మోసినోనికి వస్తది.
సబ్బుకు పోదు. బువ్వ ముద్దల వస్తది.
ముద్దు పెట్టుకోబోతే
బిడ్డ మొఖం తిప్పుకున్నది దానికే.
ఆ డబ్బాల బాకీ
కోరుట్ల దుకాణపోని బుక్కుల పెరిగి పెరిగి
నాకు పాస్‌పోర్టు చేయించింది.

ఇక్కడ ఎవలూ అడుగలే, నీకేం తెల్సని.
కోసుడు, బిగించుడు. గంతే రాసుకున్నరు.

మూడు మొక్కలనూ క్యాంపుకు తెచ్చుకున్న.
వేర్లు జాడించి పాత మన్ను పారబోసిన.
ఆకు పైన, ఆకు కింద,
ఈనె పొంటి బొటనవేలుతోని.
బాత్రూం కాడ లైన్ల నిలబడ్డోళ్లు తిట్టిండ్రు.
"బాలింత బిడ్డకు పోసినట్టు పోస్తున్నవ్" అన్నడు ఓదెలు.
మూడు వారాలు.
కొత్త చిగురొస్తే పాత ఆకులు గిల్లేసిన.
నా ముక్కు ఒప్పుకున్నదాంక ఇయ్యలే.

పిల్ల పేరు దానా. ఎనిమిదేండ్లుంటయి.
గిన్నెల నీళ్లు పెట్టబోతే నవ్వింది.
"గిన్నెల తాగదు అంకుల్,
కదిలే చుక్కనే నీళ్లనుకుంటది."
చేతిల స్ప్రే, నా పంపుకు మనుమరాలి లెక్కున్నది,
పుస్ పుస్ మని కొట్టింది.
నా భుజం దానంతటదే వంగింది.

ఆకు కొసన చుక్క దిగుతున్నది.
ఊసరెల్లి ఓ అడుగు ముందట, అరడుగు వెనుకకు,
గాలి లేకున్నా ఊగుకుంట వచ్చింది.
ఒక కన్ను చుక్క మీద,
ఒక కన్ను నా మీద.

"కొత్తోళ్లను చూసి భయమైతే నల్లబడ్తది,
నిన్ను చూసి నల్లబడలే" అన్నది పిల్ల.
మా దిక్కు మాట తప్పినోన్ని
దీని పేరు పెట్టే తిడ్తరు.
ఆ ముచ్చట చెప్పలే.

పొద్దుగాల చూసి ఫోన్ చెయ్యి బిడ్డా అన్న.
రాత్రి నిద్ర పట్టలే.
ఒక్క ఆకు మరిచి ఉంటే? ఒక్క ఈనె?

ఏడింటికి ఫోటో వచ్చింది.
మందారం ఆకు, అంచుకు
చంద్రవంక లెక్క ఓ కొరుకు.
దాని పక్కన ఆకుపచ్చగ, కడుపు నిండినట్టు, అది.

బస్సుల ఓదెలుకు చూపెట్టిన.
"ఎంతిచ్చిండు?"
మూడు వందల యాభై. పెట్టెకు.
కడిగినందుకు లెక్క కట్టలే.