పుర్రచేతి వాటం

కురుపాం మార్కెట్ వెనక, మెట్లు దిగే సందులో
మస్తాన్ బేగ్ కొట్టు.
గల్లాపెట్టె పక్కన పాత తువ్వాలు పరిచి
"పెట్టమ్మా" అన్నాడు,
తూకానికి చేపనడిగినంత మామూలుగా.

పెట్టాను.
తాత లైసెన్సు పుస్తకం, ఆయన చావు సర్టిఫికెట్టు,
స్టేషన్ వాళ్లిచ్చిన కాగితం,
వాటి మీద
మా ఇంటిల్లిపాదీ భయం, ముప్పాతిక కిలో.

దీనికో కథ ఉంది.
ముత్తాత రేవులో సారంగు.
తుపాను రాత్రి డాల్ఫిన్ నోస్ కింద
బోల్తాపడ్డ పడవలోంచి ఒక దొరని
జుట్టు పట్టి లాగాడట.
దొర ఏడుస్తూ నడుం బెల్టు విప్పి ఇచ్చేశాడట.
లండన్ సరుకు.
చెప్పిన ప్రతిసారీ గాలి పెరిగేది,
దొరకి హోదా పెరిగేది.
చిన్నాన్న అప్పలసూరి నోట పడేసరికి
ఏకంగా అడ్మిరల్ అయిపోయాడు.

ఎన్నికలొస్తే వన్ టౌన్ స్టేషన్‌కి పోయి
లెక్కింపు అయ్యాక తిరిగొచ్చేది.
ఓటు లేకుండా అన్ని ఎన్నికలూ చూసింది
మా ఇంట్లో అదొక్కటే.

బేగ్ కంటికి భూతద్దం బిగించాడు.
కిరసనాయిలు గుడ్డతో చక్రం పక్కన తుడిస్తే
కందిగింజంత అండాకారం,
లోపల మూడక్షరాలు, ఒక చుక్క.
"లండన్ కాదమ్మా. బెల్జియం.
ఇంగ్లీషోడి దానికి నకలు.
పెట్టెల్లెక్కన ఓడల్లో దిగేవి అప్పట్లో.
దొరలు పెట్టుకునే రకం కాదు,
దొరల్లా కనపడాలనుకునేవాళ్లు కొనే రకం."

గొట్టంలోకి దీపం వేశాడు.
ఉప్పుగాలి తొలిచిన గుంటలు.
పిడికి ఒక చెక్క తరవాత వేసింది,
దాని మర సైకిలుది.

బయట స్కూటరు మీద చిన్నాన్న
వేళ్లు మడిచి లక్షలు లెక్కపెడుతున్నాడు.

బేగ్ ఘోడా వెనక్కి లాగి
ఆగిపోయాడు.
"దీని ముక్కేదమ్మా?"
తూటా వీపున పొడవాల్సిన మొన లేదు.
విరగలేదు. అరగలేదు.
"ఆకురాయితో తీశారెవరో.
పనివాడు కాదు, ఓపికున్న మనిషి.
రెండు మూడు రాత్రులు పట్టుంటుంది.
గీతలు చూడు, వాలు తిరగబడింది.
పుర్రచెయ్యి."

భూతద్దం అందుకున్నాను.
ఆయన నేను చాపిన చెయ్యి చూసి
ఏమీ అనలేదు.

నాయనమ్మ పరదేశమ్మ
కొబ్బరికోరు పళ్లు తనే రాసుకునేది,
వీధి మెట్టు మీద కూచుని, ఎడం చేత్తో.
"మొగోళ్లకిత్తే మొద్దు సేసి ఇత్తారు" అనేది.

తాత పోర్టులో రాత్రి డ్యూటీ దిగి
తాగొచ్చిన రోజున
దీన్ని కంచం పక్కన పెట్టుకు తినేవాడు.
చారులో ఉప్పెక్కువైందని ఒకసారి
ఆమె నుదుటికి ఆనించాడు.
ఏడేళ్ల మా నాన్న మంచం కింద నుంచి చూశాడు.
ఆమె కదల్లేదట.
"ఇంకో ముద్ద ఎయ్యనా?" అందట.
అమ్మవారు పూనిందని
నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు.

ఆకురాయి పట్టింది ఆ రాత్రికి ముందా?
మర్నాడా?
ముందైతే, ఆ ముద్ద వేసేటప్పుడు
లోపల నవ్వుకుని ఉంటుంది.
మర్నాడైతే
ఆ ముద్ద గురించి నేను ఆలోచించలేను.
ఇనుము తారీఖు చెప్పదు.

"మొన లేదు, చెక్క మారింది, తుప్పు.
ఎనిమిది వేలు" అన్నాడు బేగ్.
"వెయ్యి ఖర్చు పెడితే కొత్త మొన పోస్తాను.
అప్పుడు రేటు వేరు."

చిన్నాన్న స్కూటరు దిగొచ్చాడు.
"ఎయ్యి రూపాయల పనే కదే, పోయించెయ్!"

ఘోడాని బొటనవేలితో లాగి వదిలాను.
టక్కుమంది.
ఇన్నేళ్లూ మేమంతా చెవులు మూసుకున్నది
దీనికే.

"వద్దు, ఇలాగే రాయండి" అన్నాను.
బేగ్ రశీదులో రాశాడు: పని చెయ్యదు.
నోట్లు తడిచేసి లెక్కపెట్టి చాపాడు.

"ఎడం సేత్తో డబ్బు తీసుకోకే"
అన్నాడు చిన్నాన్న.

తీసుకున్నాను.