మూడో తీగ

వానలు బాగా పడిన ఏడు మోటార్లు కాలవు.
మోటార్లు కాలకపోతే నాకు పని లేదు.
చెనిక్కాయ చేలు పచ్చగా కళకళలాడుతుంటే
నా గిటారు ఇంకో ఏడు వెనక్కి జరిగేది.
నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు గానీ
మబ్బును చూసి మొగం మాడ్చుకున్నవాణ్ణి
గుంతకల్లులో నేనొక్కణ్ణే.

ఇరవై రెండేళ్లు.
ఒక చీటీ ఎత్తితే అమ్మ కంటి ఆపరేషనుకు పాయె.
ఇంకో చీటీ నా వంతు వచ్చేలోపల
చీటీలు నడిపే ఆమె ఊరే ఇడిసిపాయె.
అనంతపురం సుభాష్ రోడ్డులో
అద్దం వెనక అది నిలబడే ఉండింది,
నల్లగా, నడుము సన్నంగా.
అదే కాదులే, పాతది అమ్ముడుపోయి కొత్తది వచ్చింటాది,
నాకు మాత్రం ఒకటే.
కాపర్ వైరుకు పోయినప్పుడల్లా
రోడ్డుకు ఇవతలే నిలబడి చూసొచ్చేవాణ్ణి.
లోపలికి పోదామంటే
చేతుల్లో వార్నిష్ వాసన అడ్డం.

ఈ ఎండాకాలం బోర్లు ఎండినాయి.
నాగసముద్రం నుంచి ఒకాయన
ఒక్క నెలలో మూడుసార్లు మోటారు మోసుకొచ్చె.
మూడోసారి డబ్బులిస్తా ఆయన చెయ్యి వణికె.
ఎంచకుండానే జేబులో పెట్టుకుంటి.

పదకొండు వేల ఎనిమిది వందలు.
ప్యాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకొని తెచ్చినా.
"ఏంది నాయనా, వీణా?" అనె ఎదుటి సీటు ముసలామె.
"అట్లాంటిదే" అంటి.

రాత్రి షాపు షట్టరు దించి తీగలు మీటితే
ముక్కూమొగం తెలీనోళ్లెవరో
ఇంట్లోకొచ్చి కుర్చీ లాక్కొని కూర్చున్నట్టుండె.

దాని తప్పేం లేదు.
నేను నేర్చుకున్నది రైల్వే క్వార్టర్సులో,
గార్డు కొడుకు క్లెమెంటు గిటారు మీద.
దానికి ఐదే తీగలు.
మూడోది ఎప్పుడో తెగింది.
క్లెమెంటుకు బద్ధకం, నాకు డబ్బుల్లేవు.
ఒకసారి వైండింగు వైరు బిగించి చూస్తి.
రాగి కదా, పలకలా. సాగిపాయె.
సరేలెమ్మని ఆ సందు మీదుగానే
ఏళ్ల తరబడి వేళ్లను దూకించినా.
పన్ను ఊడిన చోటికే నాలుక పోయినట్టు
నా పాటలన్నీ ఆ సందు చుట్టే తిరిగినాయి.

ఇప్పుడు దూకే చోట తీగ ఉండాది.
దూకిన ప్రతిసారీ తగులుతాంది.
నడిమధ్యలో ఒక మాట అంటాంది.
తప్పు మాటేం కాదు, సరైన మాటే.
అందుకే ఓర్చుకోలేకపోతి.

హంపమ్మ పది రోజులు చూసె.
"ఆ ఒక్కటీ తెంపి పారెయ్ రాదా?" అనె
గోరుచిక్కుళ్లు తుంచుతా.
కటింగ్ ప్లేయరు తీసుకుంటి కూడా.
తీగను దాని నోట్లో పెట్టినాక
ఎందుకో లెక్క గుర్తొచ్చె.
పదకొండు వేల ఎనిమిది వందలు, ఆరు తీగలు.
ఒక్కోటీ రెండు వేలకు ముప్పై నాలుగు తక్కువ.
నాగసముద్రం ఆయన
మూడోసారి ఇచ్చింది దగ్గర దగ్గర అంతే.
ప్లేయరు కింద పెడితి.

క్లెమెంటు ఇప్పుడు గుత్తిలో, డీజిల్ షెడ్డులో ఉండాడు.
నెంబరు పట్టుకొని ఫోన్ చేస్తి.
"పాత గిటారా? అది ఇంకా ఏడుంటాదిరా ఉరుకుందూ!
అమ్మ దాంతో నీళ్లు కాచె" అని నవ్వె.
నేనూ నవ్వినా.
వేడి నీళ్లతో ఎవరు పోసుకొనింటారో అడగలేదు.

రాత్రి రెండుంబావుకు బళ్లారి దిక్కు నుంచి
ఇనుపరాయి గూడ్సు వస్తాది.
మిద్దె అదురుతాది, అటక మీద గిన్నెలు అదురుతాయి.
నిన్న ఆ సద్దులోనే
మేకుకు తగిలించిన గిటారు సన్నగా మూలిగె.
లేసిపోయి వేలు ఆనించి చూస్తి,
ఒక తీగ కాదు, రెండోది కాదు.
మూడోది.
వేలు ఆనిస్తే ఆగె. తీస్తే మళ్లా మొదలు పెట్టె.
నేను నేర్పనిది, నన్ను అడగనిది.
చేతులు వెనక్కి కట్టుకొని
పెట్టెలన్నీ పొయ్యేదాకా నిలబడితి.

ఆఖర్న గార్డు పెట్టె ఎర్రదీపం
కిటికీలోంచి గోడ మీద పడి జారిపాయె.
హంపమ్మ చీకట్లోనే అడిగె, "ఎవరు?"
ఏం చెప్పాలో తెలీక
"గూడ్సు" అంటి.