మిగిలిన నలభై

ఓదెలు సారు లెక్కల పంతులు గాదు,
మన్ను సదివెటోడు.
మన్ను ఊకె మాట్లాడదు, అంటుండె.
మాట్లాడిన నాడు ఏది ముందో ఏది ఎనుకనో
లెక్కవెట్టుకోవాలె.

భూపాలపల్లి కోర్ షెడ్డుల నేను పెట్టెలు మోసెటోన్ని.
బోరుల నుంచి తీసిన రాతి కడ్డీలు
చెరుకు గడల తీరు వరుసకు పేర్చి
పక్కపొంటి సున్నపు ముక్కతోటి లోతు రాస్తుంటి.
సారు ఒక్కో పెట్టె ముందట గొంతు కూసోని
చింతగింజలు పంచెటోడు.
ఇసుకరాయి ఎనుక మట్టిరాయి వస్తె ఒక గింజ ఇటు,
మట్టిరాయి ఎనుక బొగ్గొస్తె అటు,
బొగ్గెనుక మల్ల ఇసుకొస్తె
ఆడ జర ఆగెటోడు.
"నది దారి మార్చుకున్నది సూడు సమ్మయ్యా,
అడివి మునిగింది గియ్యాల్నే."
గియ్యాల అంటె
ఇరువై ఐదు కోట్ల ఏండ్ల కింద.

డెబ్బై ఆరు అనుకుంట, వానకాలం.
గింజల లెక్కంత కార్డులకు చిల్లులు గొట్టిచ్చి
పట్నంల పెద్ద మిషిన్ కాడికి తీస్కవోతున్నం.
కాజీపేట ప్లాట్‌ఫారం మీద రేకు కారి డబ్బా తడిసింది.
పన్నెండు వందల కార్డులు
బెంచీల మీద, గోనెసంచుల మీద, నా తువ్వాల మీద ఆరవెడితె
రైల్వే పోలీసు పత్తాలనుకున్నడు.
లాఠీతోటి ఒకటి లేపి, "ఎంత పందెం?"
సారు కండ్లద్దాలు తుడుసుకుంట
"మొత్తం గోదారి లోయ" అన్నడు.

నలభై ఏడో బోరు కత శానమందికి తెల్వది.
ఈడ బొగ్గు నూటికి అరవై, అని రాసిచ్చిండు.
పదహారు దినాలు తోడినం.
ఇసుక. ఇసుక. నీళ్లు.
పెద్దసారు బల్ల గుద్ది నవ్విండు,
సైన్సు తప్పింది గదయ్యా ఓదెలూ.
"తప్పలే సార్.
మిగిలిన నలభై గూడ నేను చెప్పిందే."
దాని ఎనుక ప్రమోషన్ రాని ఏండ్లు లెక్కవెడదామంటె
నా తాన అన్ని గింజలు లేవు.

అందరి మ్యాపుల బొగ్గుంటది.
సారు మ్యాపు కింద ఇంకో మ్యాపుంటుండె:
ఏడేడ తనకు తెల్వదో, ఎంత తెల్వదో.
బోరు కాడ సిరా చిక్కగ,
దూరం పోంగ పోంగ పలుచనై
మోరంచ వాగు అవుతల ఉత్త తెల్లకాయితం.
"దగ్గరోని మాటకు బరువెక్కువ, దూరపోనిది తక్కువ.
గని ఎవని మాటా సున్న గాదు."

నలభై ఏడుకు ఉత్తరాన, ఆయన డెబ్బై అని రాసిన కాడ
ఇయ్యాల ఊరు పట్టేంత గుంత.
మా చెలక గూడ గా సిరాలనే ఉండె.

మనుమరాలు వరంగల్ల ఇంజనీరింగు సదువుతది.
ల్యాప్‌టాప్ మీద వేలు కదిపితె
బొగ్గు రంగు రంగుల మబ్బయి తేలుతది.
ఎవలు కనిపెట్టిన్రు బిడ్డా అంటె
ఎవరిదో పేరు సదివింది, నాకు నోరు తిరగలే.
ఓదెలు అని ఆ పుస్తకంల లేదు.
ఎన్నడన్న ఉంటదా?
నూటికి ఎంతో, సారైతె చెప్పు.

మొన్న హన్మకొండల ఆయన దినాలకు పోతె
కొడుకు ఓ బిస్కెట్ డబ్బా చేతుల వెట్టిండు.
ఇంటికొచ్చి మూత తీసిన. గింజలు.
సగం పురుగు పట్టినయి.
పంచుదామని కూసున్న గని
ఎటు ఏది పెట్టాల్నో.
గుంత దిక్కు బ్లాస్టింగ్ సైరన్ కూసింది.
సున్నపు ముక్క కోసం
లేని జేబు తడువుకున్న.