నల్లా రాని రోజు

మా అడ్డగుట్టలో
నల్లా రోజు విడిచి రోజు.
వచ్చే రోజు నాలుగుంపావుకే మెలకువ.
అలారం అక్కర్లేదు,
పైపులో గాలి బుస్సుమంటే చాలు,
కాళ్ళు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి.
రాని రోజు
ఏడింటికి మా ఆవిడ దుప్పటి లాగాలి.

అద్దం అంచున ఆరు వాగ్దాన కార్డులు,
ఏటా డిసెంబరు ఆఖరి రాత్రి ఆరాధనలో తీసుకున్నవి.
ఆరుసార్లూ కన్నీళ్ళతోనే మాటిచ్చాను:
తెల్లారక ముందే మోకరిస్తాను,
గుట్కా ముట్టను.
జనవరి రెండో వారం దాటలేదు ఒక్కటీ.
కార్డు మీద ఆయన మాట అచ్చు చెదరలేదు.
వెనకాల పెన్సిల్‌తో నేను రాసుకున్నదే
చెరిగిపోయింది.

పక్క వాటాలో సుగుణరత్నమ్మ,
లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో
ముప్పయ్యేళ్ళు ఆయాగా చేసి దిగింది.
ఆమె కిటికీలో లైటు
నల్లా వచ్చినా రాకున్నా అదే వేళకి.
ఒకనాడు అడిగాను, నీళ్ళు లేని రోజు ఎందుకమ్మా అని.
చేటలో బియ్యం చెరుగుతూ
తల ఎత్తకుండానే అంది:
"వచ్చే రోజు నీళ్ళు లేపుతయి బిడ్డా.
రాని రోజు లేపేదెవరో చూద్దామని."

ఈసారి పెద్ద మాటలేం ఇవ్వలేదు.
నీళ్ళు రాని రోజు కూడా బిందె కడిగి
నల్లా కింద పెట్టడం,
పక్కనే సిమెంటు నేల మీద
మోకాళ్ళు ఆనించడం.
అంతే.

మూడో రోజు ప్రార్థన మధ్యలో కునుకు.
ఐదో రోజు లేవనే లేదు.
ఆరో రోజు, పోయినదానికి ఏడుస్తూ కూర్చోకుండా
బిందె కడిగాను.
ఒక్కోసారి మాటలు రావు.
కొడుకు పేరు, షెడ్డు సేటు పేరు,
అప్పు తీర్చని ముత్యాలు పేరు
ఒక్కొక్కటే పలికి ఊరుకుంటాను.
అవతలి గల్లీలోంచి అజాన్,
పాల ప్యాకెట్ల ఆటో,
మెట్టుగూడ వైపు గూడ్సు బండి కూత.
అందరూ నాకంటే ముందే పనిలో ఉన్నారు.

చెయ్యి ఇంకా చొక్కా జేబు తడుముతుంది,
ముఖ్యంగా మధ్యాహ్నం, లేతు మిషను వేడెక్కే వేళ.
ఇవాళ ఖాళీ జేబు. నిన్న కాదు.
అబద్ధమెందుకు, ఆయనకు తెలుసు.

కడ్డీ ఒక్క దెబ్బకి గుండ్రమవదు.
వెంట్రుకంత, వెంట్రుకంత
పొట్టు రాలాలి.
పాతికేళ్ళుగా ఇనుముకి ఇదే చేస్తున్నాను.
నన్నూ ఎవరో బిగించి తిప్పుతున్నారని
మోకాళ్ళు అరిగాకే తెలిసింది.

"ఇవాళ నీళ్ళు రావు కదా,
బిందె ఎందుకు?"
మా ఆవిడ నిద్ర గొంతు.

ఏమో.
కడిగి పెట్టాను.