అర లీటరు

గుణుపురం దాటాక, రాయి పక్కన బండి ఆపి
కేబిన్ కప్పుకి సెలైన్ సీసా కట్టాడు ఉదయనాథ్ మిస్త్రీ.
లోపల గ్లూకోజు కాదు, అర లీటరు పెట్రోలు.
సన్నటి గొట్టం ఇంజను మూత కిందికి పోయి
కార్బురేటరు నోట్లో దిగింది.
"రోగికి ఎక్కించినట్టే" అన్నాడు ఒడియా యాసలో.
"ఎంత దూరం నడుస్తాడో చూద్దాం."

మీటరు ముల్లు చచ్చి పదహారేళ్లు.
రాళ్లే లెక్క.
రాళ్ల మీద ఒడియా అంకెలు.
గున్నమ్మకి బడి లేదు గానీ
తాత చింతపండు పద్దులో తెలుగు అంకెలు చూస్తూ పెరిగింది.
"రెండూ మూడూ మనవే కాదేటి,
ఇక్కడికొచ్చి కాస్త ఒళ్లు చేసాయి" అంటుంది.

మూడు రాళ్లు దాటకముందే సీసా ఎండిపోయింది.

ముక్కు లేని మహీంద్రా ఇది, డెబ్బై రెండు మోడలు.
నాకూ గున్నమ్మకీ మధ్య
పెళ్లినాటి నుంచీ ఇంజను కూచుంటోంది.
దాని మూత మీదే అల్లం డబ్బులు లెక్కపెట్టుకున్నాం,
చలికాలం అంబలి వెచ్చబెట్టుకున్నాం.
ఇంత తాగుతుందని తెలిసీ
పైకి అనుకోలేదు ఎప్పుడూ,
ఇంట్లో మనిషి తాగుడు వీధిలో చెప్పుకోనట్టు.

ప్లగ్గులు విప్పితే పొయ్యి మసి.
"వక్కపొడి రంగు రావాలి" అన్నాడు మిస్త్రీ.
జెట్టు బెజ్జాన్ని ఎవరో తీగతో కెలికి పెద్దది చేశారు.
ఎవరో ఏమిటి, నేనే.
పద్మపురం సంతకి పొద్దుపోతుంటే, వానలో,
గున్నమ్మ జడపిన్నుతో.
కొత్త జెట్టు బరంపురం నుంచి
బస్సు కండక్టరు చొక్కా జేబులో వచ్చింది.

తరవాత బరువు దించమన్నాడు.
సీటు కింద తుప్పు గొలుసు,
పని చెయ్యని జాకీలు రెండు,
మా నాన్న నాటి ఇనప తూకం రాళ్లు.
అన్నీ దించింది గున్నమ్మ,
అయిదు వీశెల రాయి తప్ప.
"ఘాటీలో చక్రం కింద ఏటి పెడతావు,
నీ తలకాయా?"

ఎనిమిదికి వచ్చింది లీటరు.
ఎనిమిది దగ్గరే మొండికేసింది.

అప్పుడు మిస్త్రీ బండిని చదునులో వదిలి
భుజమానించి తోశాడు.
కదల్లేదు.
వెనక ఎడమ చక్రం పైకెత్తి తిప్పితే
అర చుట్టు తిరిగి, మూలిగి, ఆగింది.
డ్రమ్ము లోపల స్ప్రింగు తెగి
బ్రేకు షూ అతుక్కుపోయి ఉంది,
ఎన్నేళ్లుగానో.
పుట్టాసింగి ఘాటీ ఎక్కిన ప్రతిసారీ
పాపం, దీనికి వయసైపోయిందనుకునేవాణ్ణి.
మిస్త్రీ ఏమీ అనలేదు.
గున్నమ్మ కూడా అనలేదు. అదే ఎక్కువ.

మళ్లీ సీసా. కాశీనగరం రోడ్డు.
కుడి పక్క చెట్ల సందుల్లో వంశధార.
"యాక్సిలరేటరు కింద కోడిగుడ్డు ఉందనుకో" అన్నాడు మిస్త్రీ.
"నాటుదా, బాయిలరుదా?" అంది గున్నమ్మ,
సీసా మీంచి కన్ను తియ్యకుండా.

ఒకటి. రెండు. మూడు దగ్గర ఎవరం మాట్లాడలేదు.
నాలుగు.
అయిదో రాయి వెనక్కి పోయాక
ఇంజను రెండుసార్లు పొలమారి ఆగిపోయింది.
ఏటి చప్పుడు వినబడింది.

"అయిదున్నర" అన్నాను, "అంటే లీటరుకి పదకొండు!"

గున్నమ్మ దిగి, కుచ్చెళ్లు ఎగదోపి,
వెనక రాయి దాకా నడిచింది, పెదాలు కదుపుతూ.
చింతపండు తూకంలో వేలు ఆనించని మనిషి
సొంత బండికి ఎందుకు ఆనిస్తుంది?
"అయిదు. ఆపైన మూడొందల పది అడుగులు.
అరకి సగమైనా లేదు."

మిస్త్రీ గొట్టం చుట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.
సీసా మెడలో ఇంకో చుక్క ఉంది.
గొట్టం గిల్లి గిల్లి దాన్ని కిందికి దించింది.
గేరులోనే ఉంచి సెల్ఫు కొట్టాను.
బండి దగ్గింది,
జానెడు ముందుకు జరిగింది.

"అదీ రాసుకో" అంది.