కుడివైపు పైమూల

రెండో శనివారం సాయంత్రం
గుణుపురం నేతసంఘం హాల్లో
మగ్గాలు గోడకి చేర్చి దుప్పటి కడతాం.
నాలుగు కొసలకీ పడుగు తాళ్లు.
గాలొస్తే నాయిక చెంప సొట్టపడుతుంది.
ఎవరూ నవ్వరు.

ఒక నెల తెలుగు పాతబొమ్మ, ఒక నెల ఒడియా.
ఎక్కడా రాసుకోలేదు.
బిజయినీ పాఢి టీచరు తెచ్చిన మురీ బస్తాలో
అందరం చేతులు పెట్టాం,
అదే ఒప్పందం.

పొట్నూరు సూరన్న మొదటి మూడు నెలలూ రాలేదు.
ముప్పయ్యొక్కేళ్లు టాకీసు ఆపరేటరు.
ఇప్పుడా టాకీసు సిమెంటు గోడౌను.
"ఊరందరికీ సూపించినోణ్ణి, నాకు సూపిస్తారేటి?"
అన్నాడట సైకిల్ షాపు దగ్గర.

నాలుగో నెల వచ్చాడు,
చేతిలో ఎందుకో టార్చిలైటు.
కుర్చీ వేస్తే కూచోలేదు.
పదహారు రీళ్లు ఇందులో ఎలా పట్టాయని
నా లాప్‌టాప్ కింద చెయ్యిపెట్టి
వేడి చూశాడు.

పావుగంటకి స్పీకరు పోయింది.
దుప్పటి మీద ఒక తల్లి నోరు తెరుస్తోంది, మూస్తోంది.
తీగలు పీకుతున్నాను నేను, చెమటలు.
సంతలో చీపుర్లమ్మి, పుట్టాసింగి జీపు దొరక్క
మా గుమ్మంలో ఆగిన సవర సోంబారి
"ఆయమ్మకి మాట పడిపోయిందా?" అంది.

చీకట్లోంచి సూరన్న గొంతు.

తల్లి మాట తల్లిలా, కొడుకు మాట కొడుకులా,
పోస్టుమాను సైకిలు గంట నాలికతో,
కోర్టులో దగ్గు కూడా.
నూటనాలుగు రోజులు కేబిన్ కన్నంలోంచి విన్నవి.
ఆయన వెనకే బిజయినీ టీచరు, సగం వాక్యం ఆలస్యంగా,
ఒడియాలో.
మురీ నమలడం మానేశారు జనం.

ఆరో రీల్లో ఆగిపోయాడు.
వాకిట్లో ఇద్దరు. ఆమె ఏదో అంటోంది.
"ఇక్కడ నా ప్రింటు తెగింది. నేనే అతికేను.
ఈ నాలుగు మాటలు నాకు లేవు."

తెగనిది ఇప్పుడు చూస్తున్నాడు.
ఆమె పెదాలు కదిలాయి, ఆగాయి, ఒకసారి చెయ్యి కదిలింది.
హాలంతా సూరన్న వైపు తిరిగింది.
సోంబారి అంది, గుమ్మంలోంచే:
"తిని పో అంటంది. సెయ్యి సూడు."

సరిగ్గా అదే.
లేకపోతే ఏమిటో ఇక మాకు అక్కర్లేదు.

ఆ తర్వాత గమనించాను.
పది నిమిషాలకోసారి బొమ్మ పైమూలలో, కుడివైపు,
నల్లచుక్క ఒకటి మెరిసి పోతుంది,
రీలు మార్చమని పాత సైగ.
చుక్క పడగానే సూరన్న కుడిచెయ్యి లేస్తుంది,
గాలిలో పిడిని పట్టుకుంటుంది,
సిగ్గుపడి దిగుతుంది.

"ఈ బొమ్మ నేను సూడలేదు బాబూ" అన్నాడు ఆఖర్న.
"కార్బన్ కడ్డీలు సూసేను. ఆ మూల సూసేను.
ఈయమ్మకి బుగ్గమీద మచ్చుందని
ఇయ్యాలే తెలిసింది."

వచ్చే నెల ఒడియా కదా అంటే
"అది నాకు కంఠతా రాదు.
కుర్చీ ఎయ్యండి" అన్నాడు.

సోంబారి లేచింది, చీపుర్ల కట్ట నెత్తికెత్తుకుంది.
"మరి మా మాటలో ఏ నెల?"

బిజయినీ టీచరూ నేనూ
చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాం.
సూరన్న టార్చి వేశాడు.
వెలుగు మా కాళ్లమీద పడింది,
కాసేపు అక్కడే ఉంది.